గోడ ముందా, పిల్లర్ ముందా? పిల్లలకు ఇల్లు కట్టే పని నేర్పడం

రెండో తరగతి పిల్లాడి ‘మా ఇల్లు’ ప్రాజెక్టు చాలా ఇళ్లలో రాత్రి తొమ్మిది దాటాక మొదలవుతుంది. స్టేషనరీ షాపు షట్టర్ దించేలోపు నాన్న పరిగెత్తి థర్మాకోల్ షీటు తెస్తాడు. అమ్మ చాకుతో కోస్తుంది. పిల్లాడు ఫెవికాల్ మూత తీసిపెట్టి నిద్రపోతాడు. పొద్దున్నే స్కూల్ ఆటోలో ఆ ఇంటిని ఒళ్లో పెట్టుకుని వెళ్తాడు. నాలుగు గోడలు, ఎర్ర కాగితం అంటించిన వాలు కప్పు, దాని మీదో పొగగొట్టం. పిల్లాడు ఉండేది మాత్రం పైన వాటర్ ట్యాంకులున్న చదును స్లాబు కింద, మూడో అంతస్తులో. అయినా మార్కులు పదికి పది.

ఈ బొమ్మ ఇంటితో అసలు చిక్కు థర్మాకోల్ దగ్గరే ఉంది. దానికి బరువుండదు. బరువు లేకపోతే పునాదితో పని లేదు, గోడ మందంతో పని లేదు, తలుపు పైనున్న గోడ ఎందుకు జారిపడదన్న ప్రశ్నే రాదు. కప్పు ముందు చేసి గోడలు తర్వాత అంటించినా ఇల్లు నిలబడుతుంది. నిజం ఇంట్లో ప్రతి పనికీ ఒక వరస ఉంటుంది. ఆ వరసకు కారణం చాలాసార్లు బరువో, నీళ్లో, రెండూనో అయి ఉంటుంది. పిల్లలకు చెప్పాల్సింది ముందుగా ఆ వరస, దాని వెనకున్న కారణం. క్లాసు గోడ మీది చార్టులు ఇళ్ల పేర్లు చెబుతాయి: ఇగ్లూ, గుడారం, పడవ ఇల్లు, గుడిసె, బంగళా. కరీంనగర్‌లో చదివే పిల్లకు మంచుతో కూడా ఇల్లు కడతారని తెలుస్తుంది గానీ, పక్క ప్లాటులో మూడు నెలలుగా జరుగుతున్న పని ఏమిటో ఎవరూ చెప్పరు.

అయిదారేళ్ల పిల్లలను ఇల్లు కట్టేటప్పుడు ముందు ఏది లేస్తుందని అడిగితే ‘గోడలు’ అంటారు. వాళ్ల ముత్తాతల ఇళ్లకు ఆ జవాబు సరిపోతుంది. మట్టి ఇంట్లో, రాతి ఇంట్లో, పాత ఇటుక పెంకుటింట్లో చాలావరకు కప్పును మోసేది గోడే. అందుకే ఆ గోడలు అంత మందం. ఇప్పుడు ఎక్కువగా లేస్తున్నవి పిల్లర్ల ఇళ్లు. గోతిలో ఇనుప రాడ్ల జాలీ పరిచి ఫుటింగ్, అంటే పిల్లర్ నిలబడే వెడల్పు పాదం, వేస్తారు. దాని మీద పిల్లర్, నేలకు దగ్గర్లో పిల్లర్లన్నిటినీ కలిపే ప్లింత్ బీమ్, పైన మళ్లీ పిల్లర్లు, బీములు, స్లాబు. గోడలు ఆ తర్వాత వస్తాయి. కట్టే అపార్టుమెంటు ఎదురుగా పిల్లలను అయిదు నిమిషాలు నిలబెడితే చాలు. స్లాబులు ఒకదాని మీద ఒకటి లేచి ఉంటాయి, గోడ ఒక్కటీ ఉండదు. గోడలు లేకుండా కప్పు ఎలా ఆగిందో వాళ్లనే చెప్పమనాలి.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేయొచ్చు. మన ఇంట్లో హాలుకీ బెడ్రూమ్‌కీ మధ్య గోడ తీసేస్తే కప్పు పడుతుందా? ఇల్లు కొనుక్కున్న పెద్దవాళ్లలో చాలామందికి దీనికి జవాబు తెలియదు, తెలియకుండానే గోడ కొట్టించేవాళ్లూ ఉన్నారు. పాత గోడల ఇల్లయితే పడొచ్చు. పిల్లర్ల ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ ఉన్నా లేకపోయినా మామూలుగా స్లాబుకు తేడా ఉండదు. మూలల్లో గోడ ముందుకు పొడుచుకొచ్చిన చోట్లు, పైకప్పు కింద దిగిన బీములు వెతకమంటే పిల్లలు పావుగంటలో ఇంటి అస్థిపంజరం మొత్తం గీసిచ్చేస్తారు. నాలుగున్నర అంగుళాల గోడలో తొమ్మిది అంగుళాల పిల్లర్ దాక్కోలేదు కదా.

మరీ చిన్నపిల్లలకు ఈ సంగతులు మాటలతో ఎక్కవు. చేతులతో మొదలుపెట్టాలి. దానికి తెలుగు పిల్లలకు పాత ఆటే ఒకటుంది. కట్టే ఇంటి ముందు లారీ ఇసుక దింపిందంటే సాయంత్రానికి వీధి పిల్లలంతా దాని మీదే ఉంటారు. పాదం మీద తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి తట్టి గట్టిపరిచి, మెల్లగా కాలు లాగేస్తే పిచ్చుక గూడు. పొడి ఇసుకతో గూడు రాదు, నీళ్లు ఎక్కువైతే జారిపోతుంది. రేణువుల మధ్య పల్చటి నీటి పొర ఉన్నప్పుడే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎండెక్కి ఆ తడి ఆరగానే గూడు రాలిపోతుంది. తడి పోయినా పట్టు వదలకుండా ఉండాలంటే ఇసుకలో ఏం కలపాలని అడగడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. బంకమట్టి, సున్నం, సిమెంటు మనుషులు ఆ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వెతుక్కున్న జవాబులే.

దిమ్మెలతో ఆడించి నేర్పడమనే ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం మొదలుపెట్టిన సంస్థే తర్వాత కిండర్‌గార్టెన్ అయింది. ఆయన ఆర్కిటెక్టు అవుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి టీచరుగా తేలిన మనిషి. పిల్లల కోసం ఆయన తయారుచేయించిన ఆట సామాన్లలో చెక్క ఘనాలు, ఇటుకల్లాంటి దిమ్మెలు ముఖ్యమైనవి. అమెరికన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్నప్పుడు ఆ దిమ్మెలతోనే ఆడుకున్నాడు, వాటి ప్రభావం తనమీద ఉందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. న్యూయార్క్‌లో నర్సరీ పిల్లలతో పనిచేసిన హారియట్ జాన్సన్ పిల్లలు దిమ్మెలతో ఏ వరసలో ఏం చేస్తారో గమనించి 1933లో పుస్తకంగా వేసింది. ముందు ఊరికే మోసుకు తిరుగుతారు. తర్వాత పేరుస్తారు. ఆ తర్వాత రెండు దిమ్మెల మధ్య ఖాళీ వదిలి పైన మూడోది అడ్డంగా పెడతారు. తర్వాత చుట్టూ మూసి గది చేస్తారు. ‘ఇది మా ఇల్లు’ అని పేరు పెట్టి ఆడుకోవడం బాగా తర్వాత వస్తుంది. మన స్కూళ్లు చాలాసార్లు ఆ చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి, ముందు మెట్లన్నీ వదిలేస్తాయి.

అందులో మూడో మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. నాలుగేళ్ల పిల్ల రెండు దిమ్మెలు దూరంగా నిలబెట్టి, పైన పెట్టడానికి పొట్టి దిమ్మె తీసుకుంటుంది. అది మధ్యలోంచి కింద పడుతుంది. మళ్లీ అదే దిమ్మె తీసుకుంటుంది, మళ్లీ పడుతుంది. ఎప్పటికో పొడుగు దిమ్మె కోసం వెతుకుతుంది, లేదా నిలబెట్టిన రెండింటినీ దగ్గరికి జరుపుతుంది. రెండూ సరైన జవాబులే. ఇంజినీర్లు చేసేదీ ఈ రెండింట్లో ఒకటే. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు తొందరపడి పొడుగు దిమ్మె చేతికందించకుండా ఆగగలిగితే, తలుపు మీద అడ్డంగా లింటెల్ అనే కాంక్రీటు పట్టీ ఎందుకు పోస్తారో ఆ పిల్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఏడడుగుల ఎత్తులో తలుపులు, కిటికీలన్నిటి మీదుగా ఒకే గీత పోయినట్టు ఉండేది అదే. రెండు వైపులా గోడ మీదికి అర అడుగైనా ఎక్కి కూర్చోవాలి. పొట్టి దిమ్మె పడిపోయింది అలా ఎక్కి కూర్చోవడానికి చోటు దొరకకే.

ఖరీదైన దిమ్మెలు కొనక్కర్లేదు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలకు ఉప్పుకాగితం పట్టిస్తే అంగన్వాడీకి సరిపోతాయి. కాస్త పెద్ద పిల్లలకైతే ఖాళీ అగ్గిపెట్టెలు. లెగో ముక్కలు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి కాబట్టి తప్పుగా పేర్చినా చాలావరకు నిలబడతాయి, ఈ పాఠానికి అగ్గిపెట్టే మేలు. ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చిన గోడను వేలితో తోస్తే మధ్యలో రెండుగా చీలుతుంది. ప్రతి వరసనూ సగం జరిపి పేర్చిన గోడ ఒక్క ముక్కలా కదులుతుంది. జాయింట్ మీద జాయింట్ పడకూడదని మేస్త్రి కూలీల మీద అరిచేది ఇందుకే. మేస్త్రీ గోడ చివర్లలో సగం ఇటుక ఎందుకు పెడతాడో కూడా పిల్లలకు అప్పుడే తడుతుంది. వాళ్ల అగ్గిపెట్టెల గోడకూ చివర సగం పెట్టె కావలసి వస్తుంది మరి.

ఇటుకను చేతికిచ్చినప్పుడు కొలతలు తీయించాలి. ఇప్పటి ప్రామాణిక ఇటుక 190 మిల్లీమీటర్ల పొడవు, 90 వెడల్పు, 90 ఎత్తు. ఇటుకల మధ్య వేసే మాల్ (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) మందం 10. రెండు ఇటుకలను అడ్డంగా పక్కపక్కన పెట్టి మధ్యలో మాల్ వేస్తే 90, 10, 90 కలిపి సరిగ్గా ఒక ఇటుక పొడవు. పొడవుగా పెట్టిన ఇటుకకూ అడ్డంగా పెట్టిన ఇటుకలకూ లెక్క ఎలా కుదురుతుందో అక్కడ తెలిసిపోతుంది. మన బట్టీల్లో కాల్చే ఎర్ర ఇటుక ఈ కొలతకు దొరకడం అరుదు, ఒకే లోడులో నాలుగు సైజులు వస్తాయి. పది ఇటుకలు కొలిపించి సగటు తీయించడానికి అది కూడా పనికొస్తుంది.

అదే ఇటుకను కిరాణా కాటా మీద తూచి బకెట్ నీళ్లలో వేస్తే బుడబుడమని బుడగలు వస్తాయి. లోపలి సందుల్లోని గాలి బయటికొస్తుంటే నీళ్లు ఆ చోటు తీసుకుంటున్నాయి. పిల్లలు బకెట్ చుట్టూ మూగి అవి ఆగేదాకా కదలరు. రాత్రంతా నాననిచ్చి మర్నాడు తూస్తే బరువు పెరిగి ఉంటుంది. మామూలు ఇటుక తన బరువులో అయిదో వంతు కంటే ఎక్కువ నీళ్లు తాగకూడదన్నది ప్రమాణం. మూడు కిలోల ఇటుకకైతే 600 గ్రాములు. పొడి ఇటుకను అలాగే గోడలో పెడితే మాల్‌లో ఉన్న నీళ్లు అది తాగేస్తుంది, సిమెంటుకు మిగలవు. కాబట్టి గోడ కట్టే ముందు ఇటుకలు తడుపుతారు. నాలుగో తరగతి భిన్నాలకు ఇంతకన్నా మంచి లెక్క పుస్తకంలో దొరకదు.

కొలతల విషయంలో బడి ఆవరణ చాలు. ఇంటి పని ముగ్గు పోయడంతో మొదలవుతుంది. ప్లాన్ కాగితం మీదున్న గదుల్ని మేకులు, తాళ్లతో నేల మీదికి దింపి ముగ్గుపిండితో గీతలు వేస్తారు. పది అడుగుల గది గీయించి పిల్లలను అందులో పడుకోమంటే కాగితం మీది అంకె అర్థమవుతుంది. గది మూల సరిగ్గా లంబంగా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీ మూల నుంచి ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పడతాడు. సరిగ్గా అయిదు రావాలి. బౌధాయన శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికలు కొలవడానికి చెప్పిన తాళ్ల లెక్కల్లో ఇదీ ఒకటి. పై తరగతుల్లో పైథాగరస్ పేరు వినేదాకా ఆగక్కర్లేదు. ఒకే కొలత దూరాల్లో ముడులు వేసిన తాడును ముగ్గురు పిల్లలు మూడు మూలల దగ్గర పట్టుకుని 3, 4, 5 ముడుల దూరాలు బిగించి లాగితే మూల దానంతటదే లంబంగా వస్తుంది.

అన్నిటికన్నా పిల్లలు వదలకుండా ఆడేది లెవెల్ పైపుతో. నీళ్లు నింపిన సన్నటి తెల్ల పైపు అది. ఒక కొన ఈ గదిలో కిటికీ దగ్గర, ఇంకో కొన అవతలి గదిలో కిటికీ దగ్గర, మధ్యలో గోడ. రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో ఆగుతాయి. ఒకరికొకరు కనబడకపోయినా ఇద్దరు మనుషులు రెండు గదుల్లో ఒకే మట్టంలో గుర్తు పెట్టగలరు. నీళ్లలో కాస్త రంగు కలిపితే ఇంకా బాగా కనిపిస్తుంది. మెలకువ ఒకటుంది. పైపును మోసుకెళ్లేటప్పుడు నీళ్లు ఒలకకుండా కొనలు బొటనవేళ్లతో మూస్తారు. కొలిచేటప్పుడు రెండు వేళ్లూ తీసేయాలి. ఒక్కరు తీయడం మరిచిపోయినా పైపు అబద్ధం చెబుతుంది. మధ్యలో గాలి బుడగ ఉండిపోయినా అంతే. రెండు మూడుసార్లు గుర్తులు కలవకపోయాక పిల్లలే తప్పు ఎక్కడుందో వెతుకుతారు. కారణం టీచరు ముందే చెప్పేస్తే ఆ సరదా పోతుంది.

పునాదుల గురించి మట్టి ముద్దలు చెబుతాయి. గోదావరి డెల్టాలో, కర్నూలు వైపు, తెలంగాణలో చాలాచోట్ల నల్లరేగడి ఉంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే నేల అది. వేసవిలో పొలంలో చెయ్యి పట్టేంత బీటలు చూసిన పిల్లలకు ఈ సంగతి సగం తెలిసిందే. నల్లరేగడి ముద్ద ఒకటి, ఎర్రమట్టి ముద్ద ఒకటి ఒకే సైజు పళ్లేల్లో తడిపి ఎండబెడితే, నల్లది అంచుల నుంచి ఊడి, పగిలి ఉంటుంది. ఆ నేల మీద తక్కువ లోతులో పునాది వేస్తే ఏటా వానకూ ఎండకూ ఇల్లు కాస్త లేచి కాస్త దిగుతుంది, గోడల మీద వాలుగా పగుళ్లు వస్తాయి. అందుకే అక్కడ తేమ మారని లోతుకు వెళ్తారు.

కాంక్రీటు దగ్గర పెద్దవాళ్లకూ ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని అనుకుంటారు. సిమెంటు నీళ్లతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఎండిపోతే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. టీచరు గ్లౌజులు వేసుకుని సిమెంటు ముద్ద చేసి రెండు సీసా మూతల్లో పెట్టొచ్చు. మర్నాడు ఒకదాన్ని నీళ్లలో వేసి, రెండోదాన్ని ఎండలో పెట్టాలి. నీళ్లలో వేసింది ఏమవుతుందని ముందే అడిగితే, ఎక్కువమంది కరిగిపోతుందనో మెత్తబడుతుందనో అంటారు. వారం తర్వాత రెండింటినీ మేకుతో గీసి చూస్తే ఎండలోది పొడి రాలుతుంది, నీళ్లలోది రాలదు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపేది ఎందుకో అప్పుడు వివరించొచ్చు. పల్లె పిల్లలకు ఆ స్లాబు వరిమడిలాగే కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే బూడిద కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకుండా ఉంచాలని నిబంధన. రెండు పూటలా పైపు పట్టుకుని స్లాబు తడిపే పని చాలా ఇళ్లలో సెలవుల్లో ఉన్న పిల్లల మీదే పడుతుంది. ఎందుకు తడుపుతున్నారో మాత్రం వాళ్లకెవరూ చెప్పరు.

మరి కాంక్రీటులో ఇనుము ఎందుకు? దీనికి చాక్‌పీస్ చాలు. నిలబెట్టి పైనుంచి బొటనవేలితో నొక్కితే ఏమీ కాదు. రెండు చేతులతో వంచితే పుటుక్కున విరుగుతుంది. కాంక్రీటు కూడా నొక్కుడుకు ఆగుతుంది, లాగుడుకు ఆగదు. వంగినప్పుడు ఎక్కడ నొక్కుడు, ఎక్కడ లాగుడు అన్నది గిన్నెలు తోమే స్పాంజి చెబుతుంది. స్పాంజి పక్కవైపు పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కితే, పైన గీతలు దగ్గరవుతాయి, కింద విడిపోతాయి. విడిపోయే వైపున పట్టి ఉంచడానికి ఇనుము కావాలి. అందుకే గది మధ్యలో స్లాబు రాడ్లు కింది వైపు ఉంటాయి. అయితే రాడ్లు సెంట్రింగ్ పలకను, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే తాత్కాలిక పలకను, తాకకూడదు. వాటి కింద చిన్న కవర్ బ్లాకులు పెడతారు, లేకపోతే కొన్నేళ్లకు తుప్పు పట్టి కాంక్రీటును పొట్టులా రాల్చేస్తాయి.

అదే స్పాంజిని టేబుల్ అంచున ఒక కొన మాత్రమే పుస్తకం కింద ఇరికించి, గాల్లో ఉన్న కొనను నొక్కితే కథ తిరగబడుతుంది. ఈసారి గీతలు విడిపోయేది పైన. కిటికీ మీది సన్‌షేడ్, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ ఇలాంటివే. వాటిలో ముఖ్యమైన రాడ్లు పైవైపు ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు మనుషుల కాళ్ల కింద ఆ రాడ్లు అడుక్కు నొక్కుకుపోతే, సెంట్రింగ్ తీశాక సన్‌షేడ్ విరిగిపడే ప్రమాదం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లలు స్పాంజి చూసి రాడ్లు ఎటుండాలో చెప్పేస్తారు. సైటులో ఈ తప్పు ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది.

పాళ్ల లెక్కలోనూ ఒక తమాషా ఉంది. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. కలిపితే అయిదున్నర గ్లాసులు రావాలి కదా. వచ్చేది సుమారు మూడున్నర గ్లాసులే. మిగతాది ఎటు పోయిందో కంకర నిండిన గాజు గ్లాసులో ఇసుక పోసి చూపిస్తే తెలుస్తుంది. ఇసుక కంకర సందుల్లోకి, సిమెంటు ఇసుక సందుల్లోకి జారుకుంటాయి.

ఇక వరస. బొమ్మలు గీసిన కార్డులు కలిపేసి సరైన క్రమంలో పెట్టమనడం మామూలు ఆట. దానికి ‘ఎందుకు’ తోడైతేనే విలువ. స్లాబు పోయకముందే కరెంటు పైపులు, ఫ్యాన్ హుక్కు పెట్టెలు రాడ్ల మధ్య ఎందుకు పెట్టాలి? ప్లాస్టరింగ్ కంటే ముందే గోడకు గాడి కొట్టి వైర్ల పైపులు ఎందుకు దించాలి? లప్పం పెట్టాకే రంగు ఎందుకు? ఈ వరస తెలంగాణ పల్లెల్లో పిల్లల చెవిన పడుతూనే ఉంది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల సాయం ఒకేసారి రాదు. బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక అన్నిటికంటే ఎక్కువ, పూర్తయ్యాక మిగతాది. ‘బేస్‌మెంట్ బిల్లు పడ్డదా’, ‘స్లాబు బిల్లు ఇంకా రాలే’ అన్న మాటలు వింటూ పెరుగుతున్న పిల్లలకు ఆ నాలుగు దశలూ కంఠతా వచ్చు. స్లాబుకే ఎక్కువ డబ్బు ఎందుకని అడిగితే ఇనుము, సిమెంటు, సెంట్రింగ్, ఒక్కరోజే అవసరమయ్యే అంతమంది కూలీలు అన్నీ చర్చలోకి వస్తాయి. సిమెంటుకు నీళ్లు తగిలాక దానికి గడియారం మొదలైనట్టే, సగం పోసి మిగతాది రేపు పోద్దామంటే కుదరదు. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతున్నంతసేపూ గమేళాలు చేతులు మారుతూనే ఉండాలి.

పిల్లలకు ఇళ్ల గురించి చెప్పేటప్పుడు బడిలో తప్పకుండా వచ్చే విభజన పక్కా ఇల్లు, కచ్చా ఇల్లు. జనాభా లెక్కల వాళ్లకు అది అవసరమే. క్లాసులో మాత్రం అది మట్టింటి పిల్లాడు చెయ్యెత్తడానికి సిగ్గుపడేలా చేస్తుంది, పైగా ఏమీ నేర్పదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంట కట్టుకున్న చుట్టిళ్లను చూస్తే సంగతి తెలుస్తుంది. గుండ్రటి మట్టి గోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. తుపాను గాలి కొట్టడానికి చదునైన గోడ దొరకదు, కప్పు అంచు కింద దూరడానికి సందు దొరకదు. రాయలసీమ మట్టి మిద్దె మీద చౌడు పోస్తారు. చౌడు నేలలో నీళ్లు ఇంకవని తిట్టుకునే రైతే, ఆ గుణాన్ని ఇంటి కప్పుకు వాడుకున్నాడు. తాండూరు, బేతంచెర్ల వైపు నాపరాయి దొరుకుతుంది కాబట్టి అక్కడ నేలకూ, చాలాచోట్ల కప్పుకూ అదే. ఈ ఇళ్లు స్లాబు ఇంటికంటే గొప్పవని పాడనక్కర్లేదు. మిద్దె కారుతుంది, తాటాకు అంటుకుంటుంది, ఏటా పని పెడుతుంది. ఏ ఇల్లు దేన్ని తట్టుకోవడానికి కట్టారు, ఎక్కడ ఓడిపోతుంది అన్న రెండు ప్రశ్నలు ఏ ఇంటికైనా వేయొచ్చు. మే నెలలో స్లాబు ఇంటికి వేస్తే జవాబు వెంటనే వస్తుంది.

ఇదంతా చెప్పడానికి టీచరు సివిల్ ఇంజినీరు కానక్కర్లేదు. ప్రభుత్వ బడిలో ఏ తరగతి తీసుకున్నా తాపీ పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, టైల్స్ పని చేసేవాళ్ల పిల్లలు ఉంటారు. పాలమూరు జిల్లా నుంచి తరాల తరబడి జనం దేశమంతా ప్రాజెక్టుల, భవనాల పనికి వెళ్లారు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోమంది. మేస్త్రీని ఆరో తరగతి దాకా ఆపడం దేనికి? రెండో తరగతికే గుండు దారం (కొనకు బరువైన గుండు కట్టిన దారం), లెవెల్ పైపు పట్టుకుని ఒక మేస్త్రీ తాత వచ్చి క్లాసులో గోడ నిటారుగా ఉందో లేదో కొలిచి చూపిస్తే సరిపోతుంది. దారం పైన గోడకు ఎంత దూరంలో ఉందో కింద కూడా అంతే ఉండాలి. ప్రభుత్వ బడి గోడే వంకర అని తేలితే పిల్లలకు పండగ. తాతను ఏం అడగాలో పిల్లలకు వదిలేయొచ్చు. రోజుకు ఎంత ఇస్తారు, ఎప్పుడైనా కింద పడ్డావా, నువ్వు కట్టిన ఇళ్లలో నీది ఉందా అనే అడుగుతారు. ఆ ప్రశ్నలు పాఠం బయటివి కావు. చేతిలో తాపీ ఉన్న మనిషి క్లాసు ముందు కుర్చీలో కూర్చోవడం చూశాక, తండ్రి ఏం పని చేస్తాడంటే నసిగే పిల్లాడు రేపు గొంతెత్తి చెబుతాడు.

బడి భవనం కూడా పాఠమే. ఢిల్లీకి చెందిన విన్యాస్ సంస్థ రూపొందించిన ‘బాలా’ పద్ధతిలో తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీయడం, కిటికీ ఊచలతో ఆకారాలు చేయించడం వంటివి చాలా రాష్ట్రాల బడులకు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి మన బడి నాడు-నేడు, తెలంగాణలో 2022 నుంచి మన ఊరు-మన బడి కింద వేల బడుల్లో పనులు జరిగాయి. పిల్లల కళ్లెదుటే ఇటుకలు దిగాయి, మరుగుదొడ్లు లేచాయి. ఆ నెలల్లో పిల్లలకు ఎక్కువగా వినిపించింది ‘అటు వెళ్లకండి’ అన్న మాటే. తాడు కట్టి, అవతలి నుంచి రోజూ పది నిమిషాలు చూపించి, ఏం మారిందో బొమ్మ గీయించినా ఎంతో మిగిలేది.

అటు వెళ్లకండి అనడంలో న్యాయం లేదని కాదు. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి పిల్లల చేతికి మట్టి మాల్ మాత్రమే ఇవ్వాలి. ముగ్గు గీతలకు సున్నం వద్దు. పలకలకున్న మేకులు, బయటికి పొడుచుకొచ్చిన రాడ్లు, సరిగా పేర్చని ఇటుకల గుట్ట అన్నీ పిల్లల ఎత్తులోనే ఉంటాయి. సైటుకు తీసుకెళ్లడానికి ముగ్గు పోసిన రోజు, గోడలు లింటెల్ దాకా లేచాక పని లేని ఒక ఆదివారం మంచివి. స్లాబు పోసే రోజు ఎదురింటి మేడ మీంచి చూస్తేనే బాగా కనిపిస్తుంది కూడా, మనుషుల వరసంతా ఒక్కచూపులో అందుతుంది. సెంట్రింగ్ కర్రలు ఉన్నంతకాలం ఆ స్లాబు కిందికి పిల్లలు వెళ్లకూడదు. చిన్న గదికైతే వారం, నాలుగున్నర మీటర్లు దాటిన గదికైతే రెండు వారాలైనా ఆ కర్రలు ఉంటాయి. అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది సంపు. ఇంటి పనికి నీళ్లు కావాలని చాలామంది దాన్ని మొదట్లోనే తవ్వించి నింపి పెడతారు, మూత మాత్రం ఆఖర్న వేస్తారు. పిల్లలు బయల్దేరకముందే పెద్దవాళ్లెవరైనా వెళ్లి దాని మీద బరువైన పలక పడిందో లేదో చూసి రావాలి.